పాలీని ఎగరేసుకుపోయిన డ్యూకు
(గ్రీన్‌రూమ్ ప్రేమలు – 2)

నెల్ గ్విన్ కథ పోయినవారంతో ముగిసింది. నాటకశాలలో నారింజపళ్లు అమ్ముకున్న పిల్ల నటి అయి, రెండో చార్లెస్ రాజుగారి మనసు దోచుకుంది. కొడుక్కి డ్యూకు బిరుదు వచ్చింది గానీ, ఆవిడ మాత్రం ఉత్త నెల్ గ్విన్‌గానే పోయింది. ఈ వారం మనిషి అంతకంటే గడుసుది. డ్యూకు వెంట గడప దాటకముందే లెక్కలు మాట్లాడుకుంది. 23 ఏళ్లు మూడుముళ్ల ప్రసక్తి లేకుండా దర్జాగా కాపురం చేసింది. చివరికి డచెస్ కూడా అనిపించుకుంది. పేరు లవీనియా ఫెంటన్. కానీ లండన్‌లో ఆ పేరు చెబితే ఎవరని అడిగేవాళ్లు. ఊరందరికీ ఆవిడ పాలీ.

పాలీ ఎవరో తెలియాలంటే 1728 జనవరి 29 రాత్రి లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ థియేటరుకి వెళ్లాలి. ఆ రోజుల్లో లండన్ పెద్దమనుషులకి ఇటాలియన్ ఓపెరా పిచ్చి. రంగం మీద రాజులూ దేవతలూ ఇటాలియన్‌లో గుండెలు బాదుకుంటూ పాడతారు, వినేవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు, అయినా అర్థమైనట్టు తలలూపుతారు. జాన్ గే అనే కవికి ఇది చూసి ఒళ్లు మండింది. రాజుల్నీ దేవతల్నీ తీసేసి, ఆ చోట్లో దొంగల్నీ దారికొట్టేవాళ్లనీ న్యూగేట్ జైలు వార్డర్నీ పెట్టి ‘ది బెగ్గర్స్ ఓపెరా’ రాశాడు. అందులో 69 పాటలు. ఒక్క వరస కూడా కొత్తది కాదనే చెప్పాలి. వీధుల్లో, సారాకొట్లలో అందరూ కూనిరాగాలు తీసే బాణీలు ఏరుకొచ్చి, వాటికి కొత్త మాటలు తొడిగాడు. డ్రూరీ లేన్ థియేటరువాళ్లు ఇదేం నాటకం అని తిప్పి పంపించేశారు. లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ యజమాని జాన్ రిచ్ సరే, చూద్దాం అన్నాడు.

కథ సంగతి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే లవీనియా జీవితంలోని తమాషా అంతా దీంతోనే ముడిపడి ఉంది. పీచమ్ అని ఒక పెద్దమనిషి. దొంగసొత్తు కొని అమ్ముతాడు. దొంగలకి పని చూపించేదీ వాడే, పని అయిపోయినవాణ్ణి సర్కారుకి పట్టిచ్చి 40 పౌండ్ల బహుమానం పుచ్చుకునేదీ వాడే. ఆయన కూతురే పాలీ. దారిదోపిడీ నాయకుడు మెకీత్‌ని ప్రేమించి, అమ్మానాన్నలకి చెప్పకుండా పెళ్లి చేసేసుకుంటుంది. ఇంట్లో గగ్గోలు. పిల్ల చెడిపోయిందని కాదండీ, పెళ్లి చేసుకుందని! ఎవరితోనైనా సరదాగా తిరిగితే నాలుగు రాళ్లు చేతికొస్తాయి, తాళి కట్టించుకుంటే ఆస్తి మొగుడి పాలవుతుంది, ఇంత తెలివితక్కువ పిల్ల మన కడుపునెలా పుట్టిందని తల్లి మొత్తుకుంటుంది. అంతగా అయితే ఆ మెకీత్‌ని ఉరికంబానికి ఎక్కించెయ్, విధవరాలిగా వాడి సొమ్మంతా నీదే అని తండ్రి సలహా.

మొదటి రాత్రి జనం చాలాసేపు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారట. నవ్వాలో తిట్టాలో వాళ్లకే తెలియలేదు. ఒక బాక్సులో గే మిత్రులు, వాళ్లలో అలెగ్జాండర్ పోప్ కూడా, బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. అప్పుడు పాలీ మోకాళ్ల మీద కూలబడి, నా మొగుణ్ణి చంపకండి అని అమ్మానాన్నల్ని బతిమాలుకుంటూ ఒక పాట అందుకుంది. పాతకాలపు జాలిపాట బాణీ, ఎత్తుగడ లేదు, గమకం లేదు. ఆ పాటతో హాలు కరిగిపోయింది. పక్క బాక్సులో కూర్చున్న ఆర్గైల్ డ్యూకు జనం కళ్లల్లోకి చూసి, ఇక ఫర్వాలేదు, ఆడేస్తుంది అన్నాడని పోప్ తర్వాత చెప్పుకొచ్చాడు. ఆడడం అంటే అలా ఇలా కాదు. ఆ ఒక్క సీజన్లోనే 62 రాత్రులు. అప్పటిదాకా లండన్‌లో ఏ నాటకానికీ అంత వరస లేదు. గే జేబులో దాదాపు 700 పౌండ్లు పడ్డాయి, రిచ్‌కి దాదాపు 4,000. ఆ నాటకం గేని రిచ్‌ని చేసింది, రిచ్‌ని గే చేసింది అని ఊళ్లో ఛలోక్తి. ఇంగ్లీషులో గే అంటే ఆనందంగా ఉన్నవాడు, రిచ్ అంటే ధనవంతుడు. రిచ్ ఎంత ధనవంతుడయ్యాడంటే, నాలుగేళ్లు తిరిగేసరికి కోవెంట్ గార్డెన్‌లో కొత్త థియేటరే కట్టేశాడు.

‘వన్స్ మోర్’ అని పద్యం మళ్లీ పాడించుకునే అలవాటు మనకొక్కరికే ఉందనుకోకండి. పీచమ్ దొంగవ్యాపారం మొత్తం ప్రధానమంత్రి సర్ రాబర్ట్ వాల్‌పోల్ మీద ఎత్తిపొడుపని అందరికీ తెలుసు. ఆ వాల్‌పోల్ నాటకానికి వచ్చాడు. మంత్రుల లంచాల మీద పాట వచ్చేసరికి హాల్లో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆయన తొణకలేదు, తనే చప్పట్లు కొట్టి ఆ పాట మళ్లీ పాడమన్నాడని కథ. నిజమైతే గట్టివాడే. ఆ కోపం మాత్రం కడుపులో దాచుకున్నాడు. గే దీనికి కొనసాగింపుగా ‘పాలీ’ అని ఇంకో నాటకం రాస్తే ఆ ఏడాది చివర్లోనే నిషేధించారు.

మళ్లీ మన పిల్ల దగ్గరికి వద్దాం. లవీనియా 1708లో పుట్టింది. తండ్రి బెస్విక్ అనే నౌకాదళ అధికారి, తల్లితో ఆయనకి పెళ్లి కాలేదు. తర్వాత తల్లి ఫెంటన్ అనే ఆయన్ని చేసుకుంది. ఛారింగ్ క్రాస్ దగ్గర వాళ్లకో కాఫీహౌస్ ఉండేది. వచ్చేపోయే జనం పాడుకునే పాటలన్నీ పిల్లకి అక్కడే నోటికొచ్చేశాయి. 1726లో మొదటిసారి స్టేజీ ఎక్కింది. రిచ్ ఆవిణ్ణి వారానికి 15 షిల్లింగులకి కుదుర్చుకున్నాడు. పాలీ వేషం హిట్టయ్యాక ఉదారంగా 30 చేశాడు. పౌండుకి 20 షిల్లింగులు కాబట్టి, ఏడాదిలో ఒక్క వారం కూడా మానకుండా ఆడినా 78 పౌండ్లు. రిచ్ తీసుకున్న 4,000 పక్కన పెట్టి చూడండి. నిర్మాతల ఉదారత అన్ని దేశాల్లోనూ ఒక్క తీరే.

డబ్బు రాకపోయినా పేరు మాత్రం దండిగా వచ్చింది. పాలీ బొమ్మలు అచ్చేసి అమ్మారు. పాటలు అచ్చేసిన విసనకర్రలు ఆడవాళ్ల చేతుల్లో ఆడాయి. పాలీ మీద పద్యాలు, పాలీకి రాసినట్టు ప్రేమలేఖలు, ఆఖరికి పాలీ వేసిన జోకులంటూ ఒక పుస్తకం. ఇరవయ్యేళ్ల అమ్మాయికి జీవితచరిత్ర కూడా వేసేశారు. అందులో ఒక పోర్చుగీసు దొరగారి కథ ఉంది. ఆయన లవీనియాని ఉంచుకున్నాడనీ, అప్పులపాలై ఫ్లీట్ జైల్లో పడితే ఆ అమ్మాయే తన నగలు కుదువబెట్టి విడిపించిందనీ. అలాంటి పుస్తకాల్లో రూపాయికి పావలా నమ్మితే ఎక్కువ. రాత్రి నాటకం అయ్యాక ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని స్నేహితులు చుట్టూ కాపలాగా నడిచి ఇంటిదాకా దిగబెట్టేవాళ్లట.

కాపలా బయటే. లోపల, స్టేజీ పక్కనే ఉన్న బాక్సులో, ఆ పని చేయబోయే మనిషి దర్జాగా కూర్చుని ఉన్నాడు.

చార్లెస్ పాలెట్, బోల్టన్ మూడో డ్యూకు. 42 ఏళ్లు. గార్టర్ బిరుదు, గుర్రపుదళం కర్నల్ పదవి, హాంప్‌షైర్‌లో హాక్‌వుడ్ బంగళా. ఆ వంశానికి పిచ్చి కొత్త కాదు. ఈయన తాత మొదటి డ్యూకు రెండో జేమ్స్ కాలంలో, రాజకీయాల తలనొప్పి తగలకుండా పిచ్చివాడిలా నటించాడని బర్నెట్ బిషప్పు రాశాడు. వారాల తరబడి మాట్లాడేవాడు కాదట. గాలి శుభ్రంగా ఉండే వేళ వస్తేనే నోరు తెరిచేవాడట. రాత్రిళ్లు కాగడాల వెలుగులో వేటకెళ్లేవాడట. మనవడికి అంత కళాపోషణ లేదు. తండ్రి మాట విని 1713లో కార్బరీ ప్రభువు ఏకైక కూతురు లేడీ ఆన్ వాన్‌ని ఆస్తితో సహా చేసుకున్నాడు, తర్వాత ఆవిణ్ణి వదిలేసి వేరే ఉన్నాడు. పిల్లల్లేరు. ఆవిడ చదువుకున్న మనిషి, తెలివైంది, ఎవరికీ ఏ అపకారమూ చేయలేదు. ఈ సరదా కథలో సరదా లేనిది ఆవిడకొక్కదానికే.

హోగార్త్ అనే చిత్రకారుడు ఈ నాటకంలో ఒక దృశ్యాన్ని మళ్లీ మళ్లీ గీశాడు. దానికి చాలా రూపాలున్నాయి, ఒకటి లండన్ టేట్‌లో ఉంది, ఒకటి అమెరికాలో యేల్‌లో. ఆ బొమ్మని దగ్గర నుంచి చూడండి. న్యూగేట్ జైలు. మధ్యలో ఎర్రకోటు, కాళ్లకి సంకెళ్లతో మెకీత్. అతని కోసం కొట్టుకునే ఇద్దరమ్మాయిలూ చెరోవైపు మోకాళ్ల మీద. కుడివైపు తెల్లటి గౌనులో పాలీ, తండ్రి కోటు పట్టుకుని బతిమాలుతోంది. స్టేజీకి రెండు వైపులా ప్రభువులు కూర్చున్నారు. అప్పట్లో డబ్బున్నవాళ్లు స్టేజీ మీదే ఆసనం వేసేవాళ్లు, నటులు వాళ్ల మోకాళ్లు తగలకుండా తప్పుకుని నటించాలి. కుడివైపు వరసలో, గార్టర్ నక్షత్రం పెట్టుకుని, చేతిలో పుస్తకంతో ఒకాయన ఉన్నాడు. బోల్టన్ డ్యూకు. ఇప్పుడు పాలీ ముఖం చూడండి. తండ్రి ముందు మోకరిల్లింది గానీ, చూపు ఆయన భుజం మీదుగా దాటి సూటిగా డ్యూకు మీదికి పోతోంది. డ్యూకు చూపూ ఇటే. సంకెళ్లలో ఉన్న నాయకుణ్ణి పట్టించుకున్న నాథుడు లేడు. ఇంతకంటే మంచి గాసిప్ కాలమ్ ఇంకొకటి ఉంటుందా!

సీజన్ అయిపోయింది, పాలీ మళ్లీ స్టేజీ ఎక్కలేదు. డ్యూకు పాలీతో పారిపోయాడట అని గే తన స్నేహితుడు జొనాథన్ స్విఫ్ట్‌కి ఉత్తరం రాశాడు. ఆ వార్తతో పాటు గే అంకెలు కూడా రాశాడు. కలిసి ఉన్నన్నాళ్లూ ఏడాదికి 400 పౌండ్లు. తేడా వచ్చి విడిపోతే ఏడాదికి 200.

ఆ రెండో అంకె చూశారూ? నాకు లవీనియా మీద గౌరవం అక్కడ పుట్టింది. మొదటి అంకె ఏ ప్రభువైనా మోజులో ఉన్నప్పుడు ఇస్తాడు. మోజు తీరాక ఏమిటి అన్నది ఆడదాని వైపు నుంచి ఎవరో ఒకరు ఆలోచిస్తేనే కాగితం మీదికి వస్తుంది. రేపు పొద్దున డ్యూకుకి ఇంకో పాలీ నచ్చినా, లవీనియాకి రిచ్ ఇచ్చే జీతానికి రెండున్నర రెట్లు ఇంటికి వస్తుంది. అదీ వేషం వేయకుండా. మరి ఆ కాలపు ఇంగ్లీషు చట్టంలో పెళ్లాడిన ఆడదాని చేతి సొమ్ము మొగుడిదే. అంటే స్టేజీ మీద పీచమ్ పెళ్లాం కూతురికి ఏ పాఠం చెప్పి చెప్పి విసిగిపోయిందో, ఆ కూతురి వేషం కట్టిన అమ్మాయి దాన్ని 62 రాత్రులు శ్రద్ధగా విని ఒంటబట్టించుకుంది. నాటకంలో పాలీ ప్రేమ కోసం పెళ్లి చేసుకుని కష్టాల్లో పడింది. బయట లవీనియా ప్రేమనీ కాగితాన్నీ పెట్టుకుని పెళ్లిని పక్కనపెట్టింది. మన మధురవాణికి ఈ కథ చెబితే ముక్కున వేలేసుకునేది కాదు, 400కి ఇంకో వంద ఎందుకు అడగలేదని నిలదీసేది.

తేడా రానే లేదు. ఒక్కసారి రాబోయిందట. ఏదో మాటామాటా పెరిగి, ఇక నీకూ నాకూ చెల్లు అన్నాడట డ్యూకు. లవీనియా ఏడవలేదు, వాదించలేదు. మేడ మీదికి వెళ్లి, పెట్టెలోంచి పాలీ దుస్తులు తీసి కట్టుకుని, కిందికి దిగివచ్చి, విడిపోవడం ఎంత కష్టమో చెప్పే పాలీ పాట ఒకటి అందుకుందట. పాట పూర్తికాకముందే డ్యూకు దాసోహం. ఇది జరిగిందో, ఎవరైనా అల్లారో గానీ, ఆ కాలం వాళ్లు బాగా నమ్మిన కథ. పాత దుస్తులు పారేయకుండా దాచుకోవడంలో ఆవిడ తెలివి ఉందంటాను నేను.

లండన్‌లో మర్యాదస్థులు మొదట ముక్కు చిట్లించినా, తర్వాత భోజనాలకి వచ్చారు. బాథర్స్ట్, గ్రాన్‌విల్ లాంటి ప్రభువులు ఆవిడ మాటలకి ముగ్ధులయ్యేవాళ్లని, తనూ అదే బల్ల దగ్గర కూర్చుని విన్నానని జోసెఫ్ వార్టన్ రాశాడు. గొప్ప అందగత్తె అనలేం గానీ, చమత్కారం, లోకజ్ఞానం, సాహిత్యాభిరుచి దండిగా ఉన్న మనిషి అని ఆయన తీర్పు. డ్యూకు మాత్రం 1733లో ఎక్సైజు బిల్లు దగ్గర వాల్‌పోల్‌ని ఎదిరించి గుర్రపుదళం ఊడగొట్టుకున్నాడు. ఇంట్లో మాత్రం ముగ్గురు మగపిల్లలు, పాటలు, హాయి.

ఈ వార్టన్ గారి ప్రహసనం చెప్పకుండా ముందుకెళ్తే పాపం. ఆయన కవి, విమర్శకుడు, పొట్టకూటికి చర్చి ఉద్యోగి. హాక్‌వుడ్ పక్కనే విన్‌స్లేడ్ చర్చి ఉద్యోగం డ్యూకు ఇప్పించిందే. 1751లో డ్యూకు, లవీనియా ఫ్రాన్సు వెళుతూ వార్టన్‌ని కూడా రమ్మన్నారు. ఎందుకయ్యా అంటే, డచెస్ ఆన్ చాలా జబ్బుగా ఉంది. ఆవిడ పోయిన కబురు అందిన మరుక్షణం వీళ్లిద్దరికీ పెళ్లి జరగాలి. క్యాథలిక్ ఫ్రాన్సులో ప్రొటెస్టెంటు ఫాదర్ అంత తేలిగ్గా దొరకడు కాబట్టి, ట్రంకుపెట్టెలతో పాటు పురోహితుణ్ణి కూడా బండిలో ఎక్కించుకున్నారు! వార్టన్‌కి ఇంటి దగ్గర పెళ్లాం పిల్లలు. అయినా పెద్ద పదవి ఏదైనా దొరుకుతుందనే ఆశతో ఓర్చుకున్నాడు. నెలలు గడిచాయి. ఇంగ్లండు నుంచి కబురు రాదు. ఒకరి చావు కోసం ఇలా కాచుకుని కూర్చోవడం మనసుకి పట్టలేదో, ఇల్లు గుర్తొచ్చిందో, మాంటోబాన్ దాకా వచ్చి ఇక నా వల్ల కాదని వెనక్కి వెళ్లిపోయాడు. ఆయన ఇల్లు చేరాక సెప్టెంబరులో డచెస్ కన్నుమూసింది. వస్తున్నానండీ, ఆగండి అని వార్టన్ ఉత్తరం పెట్టుకున్నాడు. అప్పటికే ట్యూరిన్ రాయబార కార్యాలయంలోని చాప్లిన్‌కి పిలుపు వెళ్లిపోయింది. అక్టోబరులో ఏక్స్-ఆన్-ప్రోవాన్స్‌లో లవీనియా ఫెంటన్ బోల్టన్ డచెస్ అయింది. పెళ్లికొడుక్కి 66, పెళ్లికూతురికి 43. సంభావన ట్యూరిన్ ఆయనకి.

కాపురం పాతదే కాబట్టి పెళ్లి వల్ల మారింది పిలుపొక్కటే. 1754లో డ్యూకు పోయాడు. పెళ్లికి ముందు పుట్టిన కొడుకులకి బిరుదు దక్కదు, అది తమ్ముడు హారీకి వెళ్లింది. విధవరాలైన డచెస్ గ్రీనిచ్ దగ్గర వెస్ట్‌కూంబ్‌లో స్థిరపడి, 1760 జనవరిలో చనిపోయింది. అక్కడే సెయింట్ ఆల్ఫీజ్ చర్చిలో సమాధి.

హోరేస్ వాల్‌పోల్ ఉన్నాడే, ఆ ప్రధానమంత్రిగారి కొడుకే, ఉత్తరాల రాయుడు, ఆయన వదల్లేదు. ఇన్నాళ్లు పద్ధతిగా బతికిన మనిషి ఆఖర్లో మళ్లీ పాలీ అయిపోయిందని ఒక స్నేహితుడికి రాశాడు. టన్‌బ్రిడ్జ్‌లో జబ్బు పడ్డప్పుడు ఒక ఐరిష్ సర్జన్‌తో పరిచయమైందట. ఆస్తిలో తొమ్మిది వేల పౌండ్ల దాకా ఆయన పేర రాసేసి, కొడుకులకి తలా వెయ్యి చేతిలో పెట్టిందట. వాళ్ల నాన్నని స్టేజీ మీద ఆడిపోసుకున్న నాటకపు నాయిక గురించి కొడుకు రాసిన మాటలు కాబట్టి, కాస్త ఉప్పూకారం తీసేసి చదువుకోవాలి. ఒకవేళ నిజమే అయినా, యాభై దాటిన విధవరాలు తన డబ్బు తనకి నచ్చినవాళ్లకి ఇచ్చుకుంది. పీచమ్ ఇంటి సూత్రాల ప్రకారం ఇందులో తప్పేమీ లేదు.

ముగ్గురు కొడుకుల్లో ఒకడు నౌకాదళంలోకి, ఒకడు సైన్యంలోకి వెళ్లారు. మిగిలినవాడు రెవరెండ్ చార్లెస్ పాలెట్ ఫాదర్ అయ్యాడు గానీ, ఆయన ప్రాణమంతా హాంప్‌షైర్‌లోని హాంబుల్డన్ క్రికెట్ క్లబ్ మీదే. క్రికెట్ చరిత్రలో ఆ క్లబ్ పేరు తెలియనివాళ్లు ఉండరు. 1774 ఫిబ్రవరి 25న లండన్ పాల్‌మాల్‌లోని స్టార్ అండ్ గార్టర్ హోటల్లో ఆట నియమాలు సవరించడానికి కమిటీ కూర్చుంటే, అందులో ఈయనా ఒకడు. అధ్యక్షుడు సర్ విలియం డ్రేపర్. 1758 డిసెంబరులో మన చందుర్తి దగ్గర విజయనగరం ఆనందరాజు సేన ఇంగ్లీషువాళ్లతో కలిసి ఫ్రెంచివాళ్లని ఓడించిన రోజుల్లోనే, అటు మద్రాసు కోటని ఫ్రెంచివాళ్లు ముట్టడిస్తే లోపలి నుంచి పోరాడిన డ్రేపరే ఈయన. బ్యాటు పట్టినవాడు కావాలని కాలు అడ్డం పెట్టి బంతిని ఆపితే ఔటు అని మొదటిసారి రాసింది ఆ కమిటీయే. అంపైరు ఎల్బీడబ్ల్యూ ఇచ్చినప్పుడల్లా టీవీ ముందు మనం తిట్టుకునే నియమానికి పాలీ కొడుకు వేలిముద్ర కూడా ఉందన్నమాట.

ఆయనా తల్లి బిడ్డే. ఒక మ్యాచిలో సొంత క్లబ్బు ఓడిపోతుందని లెక్కేసి, ప్రత్యర్థి మీద పందెం కాశాడట. ఆట తిరగబడింది, హాంబుల్డన్ గెలిచింది, ఫాదర్ గారి డబ్బు పోయింది. ఇంకెప్పుడూ మాలాంటివాళ్లకి ఎదురు పందెం కాయకండి అని జట్టు పెద్ద రిచర్డ్ నైరన్ మొహం మీదే అనేశాడని, ఆయన కొడుకు జ్ఞాపకాల్లో ఉంది.

(వచ్చేవారం: ఎలిజబెత్ ఫారెన్, డెర్బీ 12వ ఎర్ల్. గుర్రప్పందేనికి తన పేరిచ్చిన ప్రభువు, మొదటి భార్య పోయిన ఏడు వారాలకే పెళ్లిపీటలెక్కిన కథ.)